ఎర్ర బండికి కట్టిన పోగు

పొద్దున కరెంటు రాగానే నేతగాళ్ళ వాడ దాజీ పేట్‌లో మరమగ్గాలు, వాళ్ళ మాటలో సాంచాలు, టకటకమని మొదలవుతాయి. ఆ చప్పుడులోనే పెంటప్ప స్నానం చేస్తాడు, జొన్నరొట్టె తింటాడు, తన సాంచాకు నూనె చుక్కలు వేస్తాడు. ఆ తర్వాత బయటికొచ్చి, గుమ్మం ముందున్న ఎర్ర స్పోర్ట్స్ కారును చూసి నెత్తి కొట్టుకుంటాడు.

ఆ మోజు ఇవాళ్టిది కాదు. పద్నాలుగేండ్లు కూడబెట్టాడు. ఈయన డబ్బు గడప దాకా వచ్చేసరికి బండి ధర మిద్దెక్కి కూర్చునేది. పుణె షోరూములో రేటు చెప్పి చాయ్ ఇచ్చారు, చాయ్ తాగి కప్పు దించేలోపు రేటు పెరిగింది. ఇక విసిగిపోయి ఎవరో వాడి వదిలేసిన రెండు సీట్ల బండిని తెచ్చుకున్నాడు. అందులో భార్య అంజమ్మ కూర్చుంటే ఆమె బీడీల చాటకు చోటుండదు. సందు మలుపులో గతుకు దాటితే బండి పొట్ట గీసుకుంటుంది.

అసలు తప్పు బండి వచ్చిన రోజే జరిగింది. నేతగాళ్ళ ఇంట్లో కొత్త సాంచా దిగితే, పాత సాంచా పడుగులోంచి ఒక పోగు తీసి దానికి ముడి వేస్తారు, రెండూ ఒక ఇంటివి కావాలని. పెంటప్ప కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, బండి బంపరుకు పోగు కట్టాడు.

"బండికెందుకయ్యా పోగు? అదేమన్న నేస్తదా?" అంది అంజమ్మ.

"ఇంట్లకు మిషను వచ్చిందా లేదా? రివాజు రివాజే."

చుట్టరికం కలిసింది. చుట్టమన్నాక తినకుండా ఉంటుందా? ఇన్సూరెన్సు కట్టిన వారం సాంచా మీద చద్దరు జానెడు పొట్టిగా దిగింది. పడుగు సరిగ్గానే ఉంది, నూలూ అంతే పోశాడు, చద్దరే పొట్టి. టైర్లు మార్పిస్తే మూరెడు తగ్గింది. ఐదు మూరల చద్దరు ఒక్కో నెల తువ్వాలంత అయ్యేది.

పేట్‌లో ఎవరూ వింతపడలేదు. చద్దర్లు కొనే సేఠు టేపు చుట్టేసి, "కాయ్ పెంటప్పా, ఈసారి బ్రేకులా, క్లచ్చా?" అని మరాఠీ కలిపి అడిగేవాడు.

"క్లచ్చు, సేఠ్."

"అయితే తువ్వాల రేటే పడ్తది."

ఇంటికొచ్చి పెంటప్ప అరిచేవాడు. "కొనుడు ఒక్క ఖర్సు, ఉంచుకునుడు వంద ఖర్సులు! ఆయిలు మార్చనీకి పుణె నుంచి మెకానిక్ రావాలె. ఆయనకు మన చాయ్ పడదంట, కాఫీ కావాల్నంట!"

"అమ్మరాదు మరి?"

"సగం ధరకు అడుగుతున్నరు. పద్నాలుగేండ్ల మోజు సగానికెట్ల ఇస్తనే?"

భవాని పేట్‌లో ఆయన అక్క శాంత ఉంటుంది. తల్లి పోయాక బీడీలు చుట్టి తమ్ముణ్ణి పెంచింది. ఏటా రాఖీ పున్నమికి ఆమె రాఖీ కడితే, ఈయన స్వయంగా నేసిన చద్దరు ఇస్తాడు. ఈసారి ఆమె కాళ్ళు చల్లబడి, మొద్దుబారి, నాలుగు నెలలుగా మంచం దిగలేదు. "డాక్టరు గోళీలు మోకాళ్ళ కాడ్నే ఆగిపోతున్నయి తమ్మీ. నీ చద్దరు కప్పుకుంటె లేస్త," అని కబురు పంపింది.

పున్నమి ముందు వారం బండి ఏసీ చెడింది. బాగుచేయించాడు. చద్దరు మూడు మూరలే దిగింది. సిగ్గుపడుతూనే తీసుకెళ్ళాడు.

శాంత రాఖీ కట్టి చద్దరు కప్పుకుంది. మోకాళ్ళ కింద రెండు కాళ్ళూ బయటే ఉండిపోయాయి.

"ఏం చెడిపోయిందిరా?"

"ఏసీ, అక్కా."

"పాపం, దానికి సల్లగుండాలె." కాళ్ళు దగ్గరికి లాక్కుంది. "చద్దరున్నంతే కాళ్ళు సాపాలె అని నాయిన అంటుండె. సాపింది నువ్వు, ముడుసుకునేది నేను."

పెంటప్ప చద్దరు అంచు పట్టుకుని కిందికి లాగి చూశాడు.

"పోగు కట్టినోడే ఇప్పాలె," అంది శాంత. "తెంపకు. పడుగు పోగు తెంపితె ఇంటికి మంచిది గాదు."

మధ్యాహ్నం ఎండలో పెంటప్ప బంపరు ముందు గొంతుక్కూర్చుని ముడి విప్పాడు. విప్పిన పోగు వెంట ఇంకో పోగు వచ్చింది, ఎర్రది. లాగితే బంపరు మూల కరిగినట్టు పోయింది. అక్కడితో చేయి ఆపితే బండి నిలిచేది. నిగనిగలాడే బానెట్టు మీద అరచేయి పెట్టాడు. పద్నాలుగేండ్లు! వేడిగా ఉంది.

"అంజమ్మా!" అని కేకేశాడు. "ఖాళీ కండెలు పట్కరా, ఎన్నుంటె అన్ని!"

బానెట్టు, తలుపులు, రెండు సీట్లు, అన్నీ కండెలకు చుట్టుకున్నాయి. హారను ఒక్కసారి కుయ్యిమని అదీ నూలైంది. పొద్దు వాలేసరికి చద్దరు దిగింది. మూరవేసి చూస్తే ఐదు మూరలు, పైన జానెడు.

మర్నాడు దాన్ని శాంతకు మెడ నుంచి మడమల దాకా కప్పాడు.

"ఏందిరా, ఇంత ఎచ్చగుంది? పెట్రోలు వాసన!"

"ఇంజను కూడ గల్సింది, అక్కా."

శాంత కాళ్ళు బారజాపింది. మూడో రోజు మంచం దిగింది.

ఇప్పుడు బీడీలు కార్ఖానాకు తనే ఇచ్చి వస్తుంది. తోడు వెళ్ళిన అంజమ్మ సగం దారిలో ఆయాసపడి కూర్చుంటుంది. ఆటోవాళ్ళు పక్కకు తప్పుకుంటారు. తమ్ముడింటికి వచ్చేటప్పుడు మాత్రం, ఆ సందు మలుపులో గతుకు దగ్గర శాంత ఆగుతుంది. పొట్ట మీద చేయి పెట్టుకుని, అటూ ఇటూ చూసి, మెల్లగా, చాలా మెల్లగా దాటుతుంది.