నడిచి వచ్చిన పాలు

"ఆడోళ్ళకు తెల్లారే బస్సెందుకప్పా? యాడికి పోవాల వాళ్ళు?" అని హాల్లో మా ఆయన గంగాధరప్ప గారు అన్నప్పుడు నేను వంటింట్లో బీన్సు నార తీస్తున్నాను. తలుపుకు ఇవతల ఉన్నదాన్ని కాబట్టి జవాబు నన్నెవరూ అడగలేదు. చేతిలో ఉన్న కాయ మాత్రం ఆ పొద్దున కెంచార్లహళ్ళి నుంచి లక్ష్మీదేవమ్మ నెత్తిమీద గంపలో మైళ్ళ దూరం నడిచి వచ్చింది. కాఫీలో పాలు కూడా ఆమె చేతి తపేలాలోవే. అవి తాగుతూనే నలుగురూ నవ్వారు.

బెంగళూరు నుంచి నరసింహయ్య అనే ప్లానింగు ఆఫీసరు వచ్చి రెండు రోజులైంది. పట్నం పెరిగితే చాలదు, చుట్టూ ఉన్న తాలూకాలూ దానితో పాటు పెరగాలి, రోడ్డూ బస్సూ బజారూ అందరికీ సమానంగా అందాలి అని చెబుతున్నాడు. మంచి మాటలు. చిన్నవాడు, చెప్పేది నమ్మి చెబుతున్నాడు. చింతామణిలో మీటింగులన్నీ మా ఇంట్లోనే, ఎందుకంటే మా హాలు పెద్దది, మా ఆయన కమిటీ అధ్యక్షులు, కాఫీకి నేనున్నాను. ఆ రెండు రోజుల్లో పదకొండు సార్లు కాఫీ, మూడు సార్లు ఉప్పిట్టు, రెండు పూటలా భోజనం. మీటింగు వివరాలు రాసిన కాగితంలో "ఉపాహారం: శ్రీ గంగాధరప్ప గారు" అని ఉంది. చదివి నవ్వుకున్నాను. మా ఆయనకు ఉప్పిట్టులో నీళ్ళు ముందా రవ్వ ముందా అన్నది కూడా తెలియదు.

కెంచార్లహళ్ళి నుంచి కొత్త బస్సు ఎనిమిదిన్నరకు బయల్దేరాలని అనుకున్నారు. ఆఫీసులకూ కోర్టుకూ పోయేవాళ్ళకు సరిపోతుంది. మర్నాడు సంతకాలు. భోజనాలయ్యాక నేను మా ఆయనతో మెల్లగా చెప్పాను. బజారులో కూరగాయలు ఎత్తుకునే బెంగళూరు లారీ ఏడింటికే వెళ్ళిపోతుంది, ఆ తర్వాత వచ్చే బస్సు గంపల వాళ్ళకు ఎందుకూ పనికిరాదు అన్నాను. "నువ్వు బి.ఏ. చదివినావు, సరే. బస్సు సంగతి నీకేమి తెలుసు?" అన్నారు. ఆఫీసరు బస్‌స్టాండులో నిలబడి ఎక్కేవాళ్ళనూ దిగేవాళ్ళనూ లెక్కపెట్టాడట, ఆ వైపు నుంచి ఆడవాళ్ళు ఒక్కరూ కనపడలేదట. బస్సే లేని దారిలో బస్సు దిగేవాళ్ళు ఎలా కనపడతారు? ఆ మాట ఆయనతో అనలేదు. వాదించి గెలిచిన రోజు మా ఇంట్లో ఇంతవరకు లేదు, అందుకని ఆ దారి వదిలేశాను.

సాయంత్రం లక్ష్మీదేవమ్మ ఊరికి పోతూ మా పెరట్లో నీళ్ళు తాగడానికి ఆగింది. మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూస్తోంది. వారం కింద దిబ్బ దగ్గర కాలు జారి పడింది, గంపలో కాయలన్నీ మట్టిలో పోయాయి. అప్పటి నుంచీ అదే నొప్పి. "రేపు నువ్వు కొత్త బస్సులో రావాల" అన్నాను. "లేని బస్సులో ఎట్లా వచ్చేదమ్మా?" అని నవ్వింది. ఎలాగో చెప్పాను. గంప మొత్తం నేనే తీసుకుంటానని కూడా చెప్పాను, ఇంట్లో ఎలాగూ పదిమందికి వంట. మా అత్తమ్మ అంతా విని, వక్క నములుతూ, "మీ మామ ఉండింటే నిన్ను తిట్టుంటాడు. నేను ఆయప్పను కాదు" అని లోపలికి వెళ్ళింది.

మర్నాడు ఎనిమిదింటికి హాల్లో అందరూ కూర్చున్నారు. ఎనిమిదిన్నరైంది. కాఫీ రాలేదు. ఉప్పిట్టు వాసనా లేదు. తొమ్మిదికి మా ఆయన వంటింట్లోకి వచ్చారు. పొయ్యి చల్లగా ఉంది. పెరటి అరుగు మీద నేనూ అత్తమ్మా లక్ష్మీదేవమ్మా కాళ్ళు చాపుకుని మాట్లాడుకుంటున్నాం. నాకు పెళ్ళయ్యాక ఆ వేళప్పుడు కూర్చోవడం అదే మొదటిసారి. ఎండ అంత హాయిగా ఉంటుందని తెలియదు.

"కాఫీ యాడ?"

"పాలు ఇంకా రాలేదండీ. బస్సులో వస్తాండాయి. తొమ్మిదిన్నరకంతా వస్తాయి."

ఆయన లక్ష్మీదేవమ్మ పక్కన ఉన్న తపేలా వైపు చూశారు. "ఆ తపేలాలో ఉండేదేమి మరి?"

"అవి నడిచి వచ్చిన పాలు. మీ ప్లానులో నడిచి వచ్చేవాళ్ళు లేరు కదా."

అత్తమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన వెనకాలే నరసింహయ్య వచ్చి గడపలో నిలబడ్డాడని అప్పుడు చూశాను. నవ్వుతాడేమో, కోప్పడతాడేమో అనుకున్నాను. అతను మాత్రం లక్ష్మీదేవమ్మను ఏ వేళకు బయల్దేరావని అడిగాడు.

"చుక్కను చూసి బయల్దేరేదప్పా. లారీ పోయినాక వచ్చే బస్సు నాకెందుకు? బజారు ఊడ్చేదానికా?"

"నీతో ఎంతమంది వస్తారమ్మా?"

"ఇరవై మంది వస్తాము. రోడ్డులో నువ్వు చూసింటావు."

"చూసినానమ్మా. బస్సు కోసం నిలబడలేదు కదా అని రాసుకోలేదు" అన్నాడు. తర్వాత రోలు పక్కన పీట మీద కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఎనిమిదిన్నర కొట్టేసి ఐదు అని రాశాడు. గంపలకు టాపు మీద చోటు అని కింద ఇంకో వరుస రాశాడు. హాల్లో వాళ్ళు ఆకలి మీద ఉన్నారు, ఎవరూ అడ్డం చెప్పలేదు. సంతకాలయ్యాకే పొయ్యి వెలిగించాను.

అందరూ వెళ్ళబోతుండగా మా ఆయన నా దగ్గరికి వచ్చి, నలుగురి ముందర పరువు తీసినావన్నారు. ఒక పూట కాఫీ ఆలస్యమైతే పోయే పరువును ఇన్నేళ్ళూ ఎవరి మెడ మోసిందో ఆయనే ఆలోచించుకుంటారని ఊరుకున్నాను. ఇంతలో నరసింహయ్య, సోమవారం పక్క తాలూకా బాగేపల్లిలో ఇదే మీటింగు, అధ్యక్షులు తప్పక రావాలన్నాడు.

"నేనూ వస్తాండాను" అన్నాను.

"అక్కడ నీకేమి పని?" అన్నారు మా ఆయన. ఏదో ఇంకా అనబోయి, చేతిలో కాఫీ లోటా ఖాళీ అయిందని చూసుకుని, దాన్ని తనే తీసుకెళ్ళి తొట్టి దగ్గర పెట్టి వచ్చారు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆ లోటా అంత దూరం నడవడం నేను చూడలేదు.

"అక్కడ మీకు కాఫీ పెట్టేది ఎవరో, ముందు ఆమెను కలవాల. ఆ పక్క పరగోడు పల్లె నుంచి ఎవరెవరు నడిచి వస్తాండారో ఆమెకు తెలుసుంటాది."