నీళ్ళలోంచి పిలుపు

రాకెట్టెక్కి పైకి వెళ్ళేవాడి ఫొటో పేపర్లో వస్తుంది. దిగినవాణ్ణి సముద్రంలోంచి లాగేవాళ్ళ మొహం ఎవడికీ అక్కర్లేదు. ఆ అక్కర్లేని జట్టులో నేను రేడియో మనిషిని. పలాస పిల్లని, అక్కడి మాట తెలుసునని, 2008 డిసెంబరులో నన్ను భావనపాడు రేవుకి పంపారు. మనిషిని అంతరిక్షానికి పంపడం మా సంస్థలో ఇంకా కాగితాల మీదే ఉంది. కానీ తిరిగొచ్చేవాణ్ణి నీళ్ళలోంచి తీయడం ముందు నేర్చుకోవాలి కదా! అందుకని గుండ్రటి ఇనప గది ఒకటి చేయించి, లోపల మనిషిని కూర్చోబెట్టి సముద్రంలో వదిలాం.

ఆ మనిషి తిరుపతిరావు. మా జట్టులో ఈతగాడు, ఆ ఊరివాడే.

పొగమంచులో లాగుడు తాడు తెగింది. గది ఎటో కొట్టుకుపోయింది. అదెక్కడుందో చెప్పాల్సిన పరికరం ఉప్పునీళ్ళు తాగి చచ్చింది. మా ఓడ దక్షిణాన గుడ్డిగా వెతుకుతోంది. ఒడ్డున నా పక్కనే మా పెద్దాయన గణపతిరావు గారు మ్యాపు మీద గీతలు గీసుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. గది లోపల నీరు ఊరుతోంది. తలుపు తీస్తే గదే మునుగుతుంది. మాకు మిగిలింది రేడియోలో నా చెవిన పడుతున్న తిరుపతి గొంతొక్కటే.

"మోకాళ్ళు దాటింది మేడం," అన్నాడు తిరుపతి. కాసేపటికి ఒక్కసారిగా కేక పెట్టాడు. "పడవ! మా అయ్యదే మేడం, నీలం తెరసాప. వల లాగతన్నాడు. గాలి గొట్టంలోంచి పిలుత్తానుండండి."

"అయ్యా! ఓ అయ్యా!" అని అరిచాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు. మైకు దగ్గరకి లాక్కున్నాను.

"ఏమైంది తిరుపతీ?"

"తిప్పీసినాడు మేడం. ఎల్లిపోతన్నాడు."

నాకు అర్థం కాలేదు. తిరుపతి తండ్రి నూకయ్య పడవ ఒడ్డు తాకాక అర్థమైంది. పడవలో వల లేదు. ముసలాయన ఇసుకలో పడి గుండెలు బాదుకున్నాడు. ముందురోజే వేటకి పోయిన మనిషి, కొడుకుని మేం గదిలో పెట్టిన సంగతి ఆయనకి తెలియదు.

"నా కొడుకు పోనాడమ్మా! సముద్రంలోంచి నన్ను పిలిసినాడు."

"పిలిస్తే పలకలేదేం?"

"నీళ్ళలోంచి పిలిత్తే పలక్కూడదు. పోయినోళ్ళే అలా పిలుత్తారు. పలికినోడు మరి ఒడ్డుకి రాడు. మంచులో నల్లగా ఏదో తేలతంది, దాన్లోంచి నా కొడుకు గొంతు. వల కోసీసి పారొచ్చినాను."

"బతికున్నాడయ్యా! అందులో కూర్చోబెట్టింది మేమే!" అని కసిరి, మైకున్న నా హెడ్‌ఫోను తీసి ఆయన చెవికి పెట్టాను. "అయ్యా" అంది నీరసంగా తిరుపతి గొంతు. నూకయ్య దాన్ని విసిరికొట్టాడు.

"ఇదీ నీళ్ళలోంచేగదేటి!"

నిజమే. నీళ్ళలోంచే. గణపతిరావు గారు మ్యాపు వదిలేసి వచ్చి చేతులు జోడించారు. "ఆ చోటు తెలిసినవాడివి నువ్వొక్కడివే, నూకయ్యా."

"నువ్వు పలక్కపోతే ఈసారి నిజంగానే పోతాడు," అన్నాను నేను. ఆ మాట అంటుంటే నాకే ఏడుపొచ్చింది.

నూకయ్య సముద్రం వైపు చూశాడు. తువ్వాలు తలకి బిగించి, హెడ్‌ఫోను ఇసుకలోంచి తీసుకున్నాడు. "పలికితే నన్నట్టుకుపోద్ది," అన్నాడు. "పోనీ." అని, గొంతు చించుకుని, "ఓయ్! వత్తన్నాన్రా నాయనా!" అని అరిచాడు.

ఆయన పడవలో రేడియో పెట్టెతో నేనూ, ఇద్దరు ఈతగాళ్ళూ ఎక్కాం. దారంతా ఆయన పలుకుతూనే ఉన్నాడు. సగం దూరంలో రేడియో పెట్టె మీద, అటు మాట అందుతోందని చూపే దీపం ఆరిపోయింది. అటువైపు నీళ్ళు బ్యాటరీదాకా వచ్చాయో, మనిషి గొంతుదాకానే వచ్చాయో తెలియదు. ఆయనకి నేను చెప్పలేదు. "ఓయ్... వత్తన్నాను..." అని ఏమీ వినబడని హెడ్‌ఫోన్లోకి ఆయన పలుకుతూనే ఉన్నాడు.

కోసి వదిలేసిన వల ఆ గదికి చుట్టుకుని ఉంది. బరువుకి అది ఎక్కువ దూరం పోలేదు. గది మునిగేలోపే లాగేద్దామని ఈతగాళ్ళు తలుపు తీశారు. తిరుపతి మెడ దాకా నీళ్ళు. పెదాలు నల్లబడ్డాయి, ఊపిరి మాత్రం ఉంది. పడవలోకి లాగి నలుగురం ఒళ్ళంతా రుద్దాం. చాలాసేపటికి కళ్ళు తెరిచి తండ్రిని చూశాడు.

"నన్నొగ్గీసి ఎల్లిపోనావేటయ్యా?" అన్నాడు.

దారంతా పలికిన నూకయ్య దీనికి పలకలేదు. కొడుకు తడి చొక్కా గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు. ఒడ్డు వచ్చాక మేమే ఆ వేళ్ళు విడదీయాల్సి వచ్చింది.