టండ్రాలో వనభోజనం

బాతెల్ ఊరి తెలుగు సంఘం అధ్యక్ష కుర్చీ మీద పద్మనాభానికి ఎప్పటినుంచో కన్ను. ఈసారి పర్యావరణం పేరు చెప్పి కొట్టేద్దామనుకున్నాడు. కార్తీకమాసపు వనభోజనాన్ని జూలై లాంగ్ వీకెండ్‌కి జరిపి, ఓటర్లను వెంటేసుకుని అలాస్కా ఉత్తరానికి ఎగిరాడు. మంచు కరిగిపోతోందని అక్కడే నిలబడి వీడియోలో బాధపడాలి, అదీ ప్లాను. విమానం పొగ సంగతి మాత్రం అడక్కండి.

అతని అన్నకూతురు రాగిణి అక్కడి టండ్రాలో మొక్కల మీద పరిశోధన చేస్తోంది. చెట్టన్నది మొలవని నేల అది. ఎటు చూసినా నాచు, వేలెడంత పొదలు. కొన్ని పొదల చుట్టూ ఆమె ప్లాస్టిక్ దడులు కట్టింది, లోపల వేడి నిలిచి కాస్త పెరిగితే పొదలు ఏమవుతాయో చూద్దామని. ఒక దడిలో పొద మోకాలెత్తు లేచింది. నాచు నలక్కుండా వేసిన చెక్కబాట దిగొద్దని అందరికీ చెప్పి ఆమె ఏటివైపు వెళ్లింది.

వెళ్లిందో లేదో, పద్మనాభం భార్య చాముండేశ్వరి పేచీ పెట్టింది. చెట్టు లేకుండా వనభోజనమేమిటి, ఎవరైనా వింటే నవ్విపోరూ? ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్నారు. ఇక్కడ ఆముదమూ లేదాయె. ఇక మిగిలింది దడిలో పొదే. పద్మనాభం దడి పీకించాడు. పొదకి పసుపు కుంకుమ పెట్టారు. పరుపులా మెత్తగా ఉందని మురుస్తూ నాచు మీద జంపఖానాలు పరిచి పులిహోర తిన్నారు, మ్యూజికల్ చైర్స్ ఆడారు. "ఈ పచ్చదనాన్ని మనమే సేవ్ చేసుకోవాలి" అని పద్మనాభం గొంతు వణికిస్తుంటే డ్రోన్ పైకి లేచింది.

రాగిణి తిరిగొచ్చింది. కూర్చుని విరిగిన కొమ్మలు ఏరుకుంది. అది చూసి కూడా పద్మనాభం వీడియో పెట్టడం మాత్రం మానలేదు.

పోటీదారు శశికాంత్ ఉపన్యాసమే ఇవ్వలేదు. సంఘం మీటింగులో ఆ వీడియోనే వేసి చివర్లో ఆపాడు. డ్రోన్ కంటికి అంతా కనబడింది: చెక్కబాట నుంచి పొదదాకా పచ్చటి నేలమీద బురద దారి, మధ్యలో చెయ్యి ఊపుతున్న పద్మనాభం. తొక్కినవాళ్లంతా హాల్లోనే ఉన్నారు. ఛీఛీ అని తలలూపి, ఓట్లన్నీ శశికాంత్‌కి వేసి ఇళ్లకు పోయారు.

మనుషుల్లో విశ్వాసం లేదని పద్మనాభం రాగిణికి ఫోన్ చేసి వాపోయాడు. ఆ పిల్ల ఓపిగ్గా అంతా వింది.

"ఎలక్షన్ నెక్స్ట్ ఇయర్ మళ్లీ వస్తుంది బాబాయ్. మీరు తొక్కిన నాచు రికవర్ అవ్వాలంటే మాత్రం మీ మనవలకి పెళ్లిళ్లవ్వాలి."

పద్మనాభం కూతురింకా మిడిల్ స్కూల్లో ఉంది.