కుప్పం టీచరు వేసిన జడలు

చదువు చెప్పడానికి వచ్చిన మనిషికి పిల్లల జడలతో ఏం పని, ఆ కుప్పం టీచరుకు? మునిలక్ష్మి మగ్గం గుంటలో కాళ్లు ఆడిస్తూ తాడు లాగింది. పోగును మోసే నాడె అటు పోయి ఇటు వచ్చింది. మోకాళ్లు ఎప్పటిలాగే సలిపాయి. నాలుగు రోజులుగా కూతురు మంజు ఒక జడతో బడికి పోయి, మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టిన రెండు జడలతో తిరిగొస్తోంది. వచ్చీ రాగానే మునిలక్ష్మి వాటిని విప్పేస్తోంది.

"యాలమ్మా?" అని పిల్ల అడిగితే, "తల నొస్తాది" అంటోంది.

విప్పిన రిబ్బన్లు మగ్గం పక్కన మేకుకు వేలాడుతున్నాయి.

రెండేళ్ల కిందట మదనపల్లెలోనే ఒక కాన్వెంటులో మంజు వాంతి చేసుకుంటే తోటి పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వారు. ఆనాటి నుంచీ మంజుకు బడి ఈ గుంట అంచే. గుంజ మీద సుద్దముక్కతో అక్షరాలు, మగ్గం దెబ్బ దెబ్బకూ ఎక్కాలు. మునిలక్ష్మి తనకొచ్చిన చదువంతా ఆ ఒక్క పిల్లకే పోసింది. రాట్నం తిప్పి కండెకు పట్టుపోగు చుడుతూ మంజు వల్లించేది. తల్లి చేయి చాపితే నిండిన కండె అందించేది.

మునిసిపల్ బడికి తీసుకెళ్లింది తండ్రి మునిచంద్ర. "నాలుగైదు రోజులు కూసోనీండప్పా. నచ్చకపోతే ఇంట్లోనే సెప్పుకోండి" అందట కుప్పం నుంచి వచ్చిన ఆ నీరజ టీచరు. ఈ పొద్దు పుంగనూరుకు చీర ఇవ్వడానికి పోతూ మునిచంద్ర గడపలో ఆగాడు.

"సాయంత్రం ఆయమ్మకు ఏదో ఒకటి సెప్పాల. బడా, ఇల్లా? నువ్వే తేల్చు."

అతను మలుపు తిరగగానే, "దగ్గుతాండావు, ఈ పొద్దు పోవద్దులే" అంది మునిలక్ష్మి. మంజు దగ్గలేదు.

పక్క వీధిలో బడి గంట మోగింది. రాట్నం ఆగింది. మంజు కిటికీ వైపు చూసింది. మునిలక్ష్మి ఆ చూపును చూసింది. పెళ్లయిన కొత్తలో మునిచంద్ర ఎవరితోనో నవ్వుతూ మాట్లాడినప్పుడు కూడా లోపల ఇంతగా మండలేదు.

చేయి చాపింది. కండె అందింది. చూడకుండానే నాడెలో పెట్టుకుని నేసుకుంటూ పోయింది. రెండేళ్లుగా చూడాల్సిన అవసరం రాలేదు. తల వంచేసరికి చీర ఆకుపచ్చ ఒంటి మధ్య కొంగుకు నేయాల్సిన ఎర్రపోగు గీతలా పడి ఉంది.

"కండ్లు యాడ పెట్టుకోనుండావే? మీ టీచరమ్మ నేర్పిచ్చిందా ఇది?"

మంజు కిటికీ వైపు చేయి చూపింది. "గంట కొట్నారమ్మా. ఇప్పుడు ఎక్కాలు సెప్పేది నేనే."

"నువ్వా?"

"అందురికీ నేనే సెప్పాల. యాడ నేర్సినావు అనింది టీచరు. మాయమ్మ మగ్గం కాడ అన్నా. అందురూ సప్పట్లు కొట్నారు."

సంతోషించవలసిన మాటే. కానీ ఆ చప్పట్లు ఆ గదిలోనే ఉండిపోయాయి. తన పాఠానికి మెచ్చుకోలు కూడా ఆ కుప్పం మనిషి సమక్షంలోనే జరిగిపోయింది. మునిలక్ష్మి ఎర్రపోగును ఒక్కో వరసా వెనక్కి లాగసాగింది. పిల్లను ఇంట్లో ఎందుకు ఉంచినట్టు? చదువు కోసమా? కండె అందడం కోసమా? రెండూ కాదు. చాపిన చేతికి ఆ చిన్న వేళ్లు తగలాలి. అంతే.

ఎర్రపోగు అంతా ఊడి వచ్చింది. మునిలక్ష్మి గుంటలోంచి పైకి లేచి దువ్వెన తీసింది.

"ఇట్రా."

నడినెత్తిన పాపిడి తీసింది. మేకుకున్న రిబ్బన్లు అందుకుంది. రెండు జడలూ అల్లి మడిచింది. ఒకటి పైకి, ఒకటి కిందికి వచ్చాయి.

"టీచరు ఇంగా బిగువుగా ఏస్తాదమ్మా."

మునిలక్ష్మి చేయి ఒక్క క్షణం ఆగింది. తరువాత ముడిని బాగా బిగించింది.

"పో, పరిగెత్తు. రేపట్నించీ జడలు ఇంట్లోనే ఏసుకోనొస్తానని సెప్పు మీ టీచరుకు."

మంజు గడప దాటి వీధిలోకి పరుగు తీసింది. రాట్నం పక్కన ఆకుపచ్చ కండె సగమే చుట్టి ఉంది. దాని పోగు ఇంకా తెగలేదు.