ఉండుండి మూగబోయే రేడియో

నేను ఒక పాత షార్ట్‌వేవ్ రేడియోని. కలకత్తాలో ఒక చిన్న కర్మాగారంలో పుట్టాను. నన్ను మొదట కొన్నది ఓడలో వంటవాడు. నా ముల్లును ఒకచోట నిలవనిచ్చేవాడు కాదు. దేశాలన్నీ తిప్పేవాడే గాని ఏ దేశం మాటా పూర్తిగా వినేవాడు కాదు. మనుషులకు అందినదాని మీద ఎంతసేపు మనసు నిలుస్తుందో అప్పుడే తెలిసింది. విశాఖపట్నం రేవులో దిగి, నన్ను ఎర్రయ్యమ్మకు అమ్మేశాడు.

ఎర్రయ్యమ్మ రంగూన్‌లో పుట్టి పెరిగిన తెలుగు మనిషి. అక్కడ బతుకు కష్టమయ్యాక భర్తతో ఓడెక్కి వచ్చి కంచరపాలెంలో కాపురం పెట్టింది. భర్త పోయాక బర్మా పద్ధతిలో నూడుల్స్ వండి వీధి చివర అమ్మేది. చెల్లెలు బంగారమ్మ మాత్రం బర్మా అతన్ని పెళ్లాడి అక్కడే, బస్సీన్ అనే ఊళ్లో ఉండిపోయింది. అక్కడివాళ్లు ఆమెను మా ష్వే అని పిలిచేవారు. వాళ్ల భాషలో మా అంటే ఆడవాళ్ల పేరు ముందు చేర్చే మాట, ష్వే అంటే బంగారమే.

ఒక ఏడు బస్సీన్ వైపు పెద్ద తుపాను కొట్టింది. తంతి తీగలు తెగిపోయాయి. బతికి బయటపడ్డవాళ్లు పరదేశంలోని తమవాళ్లకు పంపే కబుర్లను బర్మాలోని ఒక రేడియో కేంద్రం రోజూ సాయంత్రం చదవసాగింది. సరిగ్గా అప్పుడే నాకు జబ్బు చేసింది. పేర్లు చదువుతుండగా గొంతు పడిపోయేది. ఎర్రయ్యమ్మ నా వీపు మీద చరిస్తే మళ్లీ వచ్చేది. ఈలోగా ఎవరి పేర్లు దాటిపోయాయో! మాటలు నా ఏరియల్ దాకా వస్తూనే ఉన్నాయి, లోపల ఎక్కడ తెగుతున్నాయో నాకే తెలియదు.

రేడియోలు బాగుచేసే సన్యాసినాయుడి దగ్గరికి నన్ను పట్టుకెళ్లింది. అక్కడ, వైద్యుణ్ణి చూడగానే జ్వరం తగ్గిన రోగిలా గడగడా పలికాను. సిగ్గేసింది. అతను బ్యాటరీలు మార్చాడు, బ్యాండు స్విచ్చి తుడిచాడు, ఒక కండెన్సరు కొత్తది వేశాడు. ఇంటికి రాగానే మళ్లీ మూగనయ్యాను. ఎర్రయ్యమ్మ నన్ను తిరిగి పట్టుకెళితే అతను విసుక్కున్నాడు.

"నా కొట్లో పొద్దంతా పలికింది గదమ్మా! నీ ఇంటికొస్తే దీనికేటవుతంది?"

"నానేటి సేసినాను బాబూ? దాని పేనం కన్నా నా పేనమే ఎక్కువ కొట్టుకుంటంది."

ఆ మాటకు సన్యాసినాయుడు విసుగు మానేశాడు. మర్నాడు సాయంత్రం సామాన్ల సంచీతో ఆమె ఇంటికే వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఎర్రయ్యమ్మ పొయ్యి వెలిగించి, నూడుల్స్‌కు ఎసరు పెట్టి, నన్ను ఎప్పటిలాగే పొయ్యి మీది గూట్లో ఉంచింది. పేర్లు మొదలయ్యాయి. కాసేపటికి నా గొంతు పోయింది. ఆమె చెయ్యెత్తింది.

"కొట్టకమ్మా! కొడితే రోగం దాక్కుంటది."

నన్ను దింపి, నా వీపు తడిమి చూశాడు. కాలుతోంది.

"పొయ్యి సెగమ్మా! సల్లగుంటే పలుకుతంది, వేడెక్కితే లోపలేదో ఇడిపోతంది."

వెనక మూత తీసి, ఎండు వెదురు పుల్లతో లోపలి భాగాలను ఒక్కొక్కటే మెల్లగా నొక్కుతూ పోయాడు. ఒక కాయిల్ మొదలు దగ్గర నొక్కగానే పేర్లు మళ్లీ వినిపించాయి. అక్కడి అతుకు లోపల వెంట్రుకంత బీట.

"దొరికింది! అతికేస్తాను, ఒక్కపాలి ఆపమ్మా."

"ఆపకు నాయనా! సదువుతున్నారు!"

అతను పుల్లను అలాగే నొక్కి పట్టుకున్నాడు. పుల్ల కాస్త కదిలినప్పుడల్లా నా గొంతు తడబడింది. తెలియని ఊళ్లు, తెలియని పేర్లు. నూడుల్స్ కుండ పొంగి పొయ్యిలో పడింది. ఎవరూ కదల్లేదు.

ఎర్రయ్యమ్మ ఉన్నట్టుండి వంగి నా జాలీకి చెవి ఆనించింది.

"ఏటైందమ్మా?"

"మా ష్వే... మా బంగారి! వైజాగులో ఉన్న అక్కకంట. ఇల్లు కొట్టుకుపోయిందంట. పిల్లలూ తనూ బతికే ఉన్నారంట." ఆమె నా వైపు తిరిగింది. "'అక్కా, నువ్వెలాగున్నావు?' అని అడిగింది."

ఆమె నన్ను రెండు చేతులతో పట్టుకుని, నా జాలీకి నోరు ఆనించి, బర్మా భాషలో గట్టిగా అరవడం మొదలుపెట్టింది. బాగున్నానని, బతికే ఉన్నానని, మళ్లీ మళ్లీ. నేను వినడానికే పుట్టినదాన్ని. ఒక్క మాట కూడా అటు పంపలేను. ఆ సంగతి సన్యాసినాయుడికి బాగా తెలుసు. అయినా ఆమె చెప్పడం అయ్యేదాకా అతను పుల్ల తియ్యలేదు.