స్లాబు రోజు బద్లీ

మా మరిది రాజమల్లుకు స్కాలర్‌షిప్ వచ్చిందని తెలిసిన రోజే నాకు అనుమానం మొదలైంది. సర్కారు సొమ్ము అడిగిన నెలలోనే చేతికొస్తుందని కరీంనగర్ కాలేజీలో నేను బి.ఏ. ఎకనామిక్స్ చదివినన్నాళ్లూ ఏ పుస్తకంలోనూ లేదు. కాని ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. మిల్లు సమ్మె మొదలై ఏడాది దాటింది. మా ఆయన బాలనర్సయ్య పక్క గల్లీ లేతు వర్క్‌షాపులో ఇనుప రజను ఊడ్చే పనికి కుదిరాడు. అలాంటప్పుడు తమ్ముడి డిప్లొమా ఆఖరి ఏడాది ఫీజు దానంతటదే తీరిపోయిందంటే ఎవరు మాత్రం ప్రశ్నలు వేస్తారు? నేనూ వేయలేదు. కనిపెట్టి చూస్తూ కూర్చున్నాను.

రాజమల్లు సాయంత్రం లైబ్రరీకని వెళ్లి చీకటిపడ్డాక వచ్చేవాడు. వచ్చి ఇద్దరి అన్నం తినేవాడు. చదువుకుంటే అంత ఆకలేస్తుందని నా చదువు రోజుల్లో నాకు తెలియలేదు. ఒంటి సబ్బు వారం తిరక్కుండా అరిగిపోయేది. పుస్తకాలు మాత్రం ఎక్కడా అరగలేదు.

నల్లా దగ్గర బిందె పెట్టుకుని పక్క ఖోలీ గదిలో ఉండే రత్నాబాయి మొదలుపెట్టింది.

"చెల్లె, మీ మరిది రోజు తల వంచుకోని పోతున్నడు. మన కామాటిపురల తల వంచుకోని పోయెటోళ్లు ఎటు పోతరో నేను చెప్పాల్నా?"

"లైబ్రరీకట అక్కా."

"అందరు లైబ్రరీకే పోతరు. మా ఆయన గూడ అప్పట్ల గట్లనే చెప్పిండు."

మర్నాడు నేను కూరగాయల సంచీ తీసుకుని వాడి వెనకాలే నడిచాను. బేరాల కోసం ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడే ఆ గల్లీలు రెండూ దాటేదాకా వాడి వీపు మీంచి చూపు తిప్పలేదు. వాడు ఎటూ తిరగలేదు. తిన్నగా గ్రాంట్ రోడ్ స్టేషన్ అవతల కడుతున్న బిల్డింగులోకి పోయి, చొక్కా విప్పి ఇనుప చువ్వకు తగిలించి, ఇసుక తట్ట నెత్తికెత్తుకున్నాడు. మొదట హమ్మయ్య అనుకున్నాను. సంచీలో వంకాయలు వేసుకుని ఇంటికి వచ్చేలోపు ఆ నెమ్మది పోయి, స్కాలర్‌షిప్ వచ్చినవాడు ఇసుక ఎందుకు మోస్తాడన్న సంగతి పట్టుకుంది.

వాడు రాగానే కంచం పెట్టి అడిగాను. "లైబ్రరీల ఇసుక గూడ ఇస్తున్నరా?"

ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేశాడు. నీళ్లు తాగాక చెప్పాడు.

"స్కాలర్‌షిప్ రాలె వదినె. బ్యాంకుల జామీను అడిగిండ్రు, మన దగ్గర ఎవరున్నరు? ఆ బిల్డింగు కట్టే లస్మయ్య మేస్త్రి ఇచ్చిండు ఫీజు పైసలు. వడ్డీ గూడ లేదు."

"ఏమీ అడగకుండ ఇచ్చిండంటే నీకు అనుమానం రాలేదా?"

"పని మీద అడ్వాన్సు, బయానా కింద రాసుకొమ్మన్న. సెలవుల్ల పని చేసి తీర్చుకుందామనుకున్న, గాని రోజు సాయంత్రం రమ్మన్నడు."

నాకు తల పట్టుకోవాలనిపించింది. వీళ్ల తాత అలాంటి బయానా తీసుకునే ఈ ఊరికి రాళ్లు మోయడానికి వచ్చాడు. మూడు తరాలు గడిచేసరికి మనవడికి దాని పద్ధతి తెలియకుండా పోయింది. పాలమూరు మేస్త్రి దగ్గర బయానా పుచ్చుకున్న మనిషి తన వీలు చూసుకోకూడదు. పిలిచినప్పుడు పోవాలి. వడ్డీ ఎందుకు లేదంటే, మనిషే వడ్డీ.

"ఇప్పుడేమంటున్నడు?"

"సోమవారం స్లాబు వేస్తున్నరు. అందరు ఉండాల్సిందేనట." కంచంలోకి చూస్తూ అన్నాడు. "సోమవారమే మ్యాథ్స్ పేపరు."

ఆ పేపరు పోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే మళ్లీ ఫీజు, మళ్లీ ఇంకో బయానా. లెక్క తేలికే. వాళ్లన్నకు చెప్పొద్దని వాడు బతిమాలాడు. చెప్తే ఆయన లేతు పని మానేసి తానే ఇసుక మోయడానికి పోతాడని నాకూ తెలుసు. అందుకని ఆదివారం నేనే మేస్త్రి దగ్గరికి వెళ్లాను.

లస్మయ్య సిమెంటు బస్తాల మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నేను చెప్పిందంతా మర్యాదగా విన్నాడు.

"పోయినేడు గిట్లనే ఒక కాలేజీ పోరడు పరీక్షన్నడమ్మా. ఇడిసిపెట్టిన. దాదర్ల నౌకరి దొరికింది వానికి. ఇప్పుడు నన్ను చూస్తె రోడ్డు దాటి పోతడు."

"మావాడు అసువంటోడు కాదు."

"వాని వదినె గూడ గదే చెప్పింది."

నాకు ఒక ఉపాయం తోచింది. మిల్లుల్లో మనిషి రాకపోతే బద్లీ మనిషి వస్తాడు. చదువుకున్న ఇంటి కోడలు వచ్చి తట్ట మోస్తానంటే ఈయన సిగ్గుపడి, వద్దు తల్లీ, పిల్లవాణ్ణి పరీక్షకు పంపు అంటాడు.

"సరే, వానికి బద్లీ నేనొస్త," అన్నాను.

లస్మయ్య నన్ను కిందినుంచి పైదాకా చూసి బీడీ ఆర్పాడు.

"మంచిది. తెల్లారకముందె రావాలె. పాత చీర కట్టుకో."

మా ఆయనకు దాదర్‌లో తెలుగు మహిళల సభ ఉందని చెప్పి బయల్దేరాను. పాత చీరలో సభకు పోతున్నానంటే ఆయనకు అనుమానం రాలేదు. అనుమానించే పని ఆ ఇంట్లో నాదొక్కదానిదే.

స్లాబు రోజు వరస ఆగకూడదు. కింద కలిపిన కాంక్రీటు తట్టలు చేతినుంచి చేతికి మెట్ల మీదుగా పైకి పోతూనే ఉండాలి. నా పైమెట్టు మీద అంజమ్మ అనే పాలమూరు మనిషి నిలబడింది. నా చేతులు చూసి, "ఏ ఊరక్కా నీది? ఈ చేతులకు ఊరే లేనట్టున్నది," అంది. వరసంతా నవ్వింది. పొద్దెక్కేసరికి ఆ చేతులు నావి కానట్టే అయిపోయాయి.

పరీక్ష మొదలయ్యే వేళ నుంచి నాకు ఇంకో బెంగ పట్టుకుంది. వాడు హాలులో ఉన్నాడా, లేక నేను లేని ఖోలీలో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడా? పోయి చూద్దామంటే వరస వదలరాదు. నాకు వాడి మీద ఉన్నంత నమ్మకమే లస్మయ్యకు నా మీద. నేను నీళ్లు తాగడానికి కదిలినా వెనకాలే వచ్చి నిలబడుతున్నాడు.

సాయంత్రానికి స్లాబు పూర్తయింది. కొబ్బరికాయ కొట్టి బెల్లం పంచారు. నేను బెల్లం చప్పరిస్తూ, "ఇగ వాని రోజు చెల్లినట్టే గదా మేస్త్రీ?" అన్నాను.

"సగం చెల్లింది."

"సగమెందుకు? అందరి చేతులల్ల పోయిన తట్టలే నా చేతులల్ల గూడ పోయినయి గదా."

"వాడు మొగోడు. నువ్వు ఆడకూలి. రేటు రేటే అమ్మా."

అంజమ్మ బెల్లం నములుతూ నావైపు చూసింది. "గీ మాట మేం గూడ అడిగినం అక్కా. నీకు చెప్పినట్టె చెప్పిండు."

నేను చదివిన ఎకనామిక్స్‌లో దీనికి జవాబు ఉండే ఉంటుంది. ఎంత వెతికినా గుర్తు రాలేదు.

అప్పుడు రాజమల్లు వచ్చాడు. ఉతికిన చొక్కా, వేళ్లకు సిరా. నేను ఆ వేళ్లు పట్టుకుని దగ్గరగా చూశాను. సిరా ఎవరైనా పూసుకోవచ్చు.

"ఆఖరి ప్రశ్న దేని మీద అడిగిండ్రు?"

"ఇంటిగ్రేషన్. సగమే అచ్చింది వదినె."

సగం వచ్చిందంటే నమ్మాను. అబద్ధం చెప్పేవాడైతే మొత్తం వచ్చిందనేవాడు.

"పాసైతవా?"

"అయితననుకుంటున్న." నా చీర చూశాడు. జుట్టులో సిమెంటు చూశాడు. చొక్కా విప్పి నా చేతికిచ్చి, మిగిలిన సగం ఏ పనో చెప్పమని మేస్త్రిని అడిగాడు.

లస్మయ్య వాడికి పార ఇచ్చి, కింద పడ్డ కాంక్రీటు గట్టిపడక ముందే గీకమన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"పాసైతె నౌకరికి పోతడు గదమ్మా. అప్పుడు నా బయానా?"

"జీతంలకెల్లి ఇస్తడు. ఇయ్యకపోతె నేను లేనా?"

"నీ రేటుకైతె చానేండ్లు పడ్తది," అన్నాడు లస్మయ్య.

నేను ఇంటికి పోలేదు. ఇసుక కుప్ప మీద కూర్చుని, వాడు పని ముగించేదాకా ఇద్దరినీ చూస్తూ ఉన్నాను.