తోడు పొట్లం

అమెరికాలో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా అమ్మాయి ఇంట్లో, నడవా పక్కన, కోట్లు తగిలించుకునే చిన్న గది ఒకటుండేది. ఎనభై మూడులో ఆ కోట్ల కింద ఒక తెల్ల బకెట్ కాపురం పెట్టింది. మా అల్లుడు జగన్మోహన్ అందులో బీరు చేసేవాడు. ఇంట్లో చేసుకోవచ్చని అంతకు నాలుగైదేళ్ల ముందే సర్కారు ఒప్పుకుందట.

కిట్ అని ఒక అట్టపెట్టె తెచ్చేవాడు. అందులో డబ్బాడు నల్లటి పానకం, డబ్బా మూత కింద దాన్ని పులియబెట్టే చిన్న ఈస్ట్ పొట్లం. పానకం వేడినీళ్లలో కలిపి, పంచదార పోసి, చల్లారాక పొట్లం చల్లి మూత బిగించడమే. మూత మీద నీళ్లు నిలిచే గొట్టం. మర్నాటికల్లా లోపలి గాలి ఆ నీళ్లలోంచి తన్నుకొచ్చి 'బుడుక్' మని పలికేది.

ఆ పలుకంటే నాకు ప్రాణం. పొద్దున్నే మొగుడూ పెళ్లాలు చెరో కారెక్కి వెళ్లిపోయాక ఆ ఇంట్లో మాట్లాడేది ఏముంది? వీధిలో మనిషన్నవాడు నడవడు. ఆ కోట్ల గది గుమ్మంలో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చునేదాన్ని. బుడుక్. కళ్లు వాలిపోయేవి. మా అమ్మ కాగులో చెంబు ముంచుతున్నట్టుండేది. చనిపోయిన మా ఆయన పెరట్లో నోరు పుక్కిలించి నన్ను పిలవబోతున్నట్టుండేది. ఏ కబురు చెప్పినా ఆ బకెట్ ఊఁ కొట్టేది.

రెండో కిట్ మాత్రం నోరు విప్పలేదు. వారం చూసి పారబోశారు. మా అమ్మాయి శశికళ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమండీ, కోట్లన్నీ పులుపు కంపు. ఇంకొక్క ఛాన్స్ ఇస్తున్నా. అదీ పాడైతే బకెట్‌లో మిరపమొక్క పెట్టేస్తా."

నేను అల్లుడి వైపు తిరిగాను. "తోడు చచ్చిపోయుంటుంది బాబూ," అన్నాను.

"తోడేమిటి అత్తయ్యా?"

"పాలల్లో వెయ్యమూ? మీ పొట్లం అలాంటిదే కదా."

"బాబోయ్, కొంపదీసి పెరుగు తెచ్చి వేస్తారేమో!"

"మూడోరోజునే వేశాగా. రెండు చెంచాలు."

జగన్మోహన్ సోఫాలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. శశికళ నవ్వలేదు. "అందుకా ఆ కంపు!" అంది.

శనివారం డాలస్‌లో ఆ సామాను అమ్మే దుకాణానికి నన్నూ తీసుకెళ్లాడు. అక్కడి ముసలాయన చెప్పినదంతా అల్లుడు నాకు తెలుగులో చెప్పాడు. కిట్ పానకంలో బీరుకి చేదునిచ్చే హాప్స్ అనే పువ్వు ముందే కలిపేస్తారట. దాని ఈస్ట్ ఎన్నాళ్లనాటిదో ఎవరికీ తెలియదట. విడిగా కొంటే తీపి మనిష్టం, చేదు మనిష్టం, ఈస్ట్ ఫ్రిజ్‌లోంచి తీసిస్తాడట.

"కిట్టే ఈజీ అత్తయ్యా. విడిగా కొంటే ఎక్కడ తేడా వచ్చినా తప్పు మనదే."

ఆ పానకం తీసే బార్లీ గింజ ఒకటి నోట్లో వేసుకున్నాను. మొలకెత్తించి వేయించిన జొన్నల రుచి. ఆ పువ్వు నలిపి చూస్తే నిమ్మాకూ పచ్చగడ్డీ కలిసిన వాసన. కాసేపు నేను ఏ దేశంలో ఉన్నానో మర్చిపోయాను.

"విడిగానే కొనండి బాబూ. తోడు మనం చూసి తెచ్చుకుందాం."

బయట టెక్సాస్ ఎండ. కారులో ఏసీ గాలి తగిలేలా, కొన్న ఈస్ట్ పొట్లాన్ని దోసిట్లో పట్టుకున్నాను.

"సీట్‌బెల్ట్ పెట్టమంటారా దానికి?" అన్నాడు.

ఆ సాయంత్రం పువ్వు వేసి కాచిన పానకం వాసన ఇల్లంతా పాకింది. చల్లారాక తోడు చల్లి మూత బిగించాడు.

సోమవారం మధ్యాహ్నమైనా పలుకు లేదు. ఇంట్లో నేనొక్కదాన్నే. పెరుగు గిన్నె వైపు చూడనైనా చూడలేదు. కోటు అంచు పట్టుకుని కూర్చున్నాను. కునుకు పట్టింది. కలలో అమ్మ కాగు దగ్గరే నిలబడింది, చెంబు మాత్రం ముంచదు. ముంచవే, ముంచవే అంటున్నాను.

బుడుక్.

"ఆఁ, వచ్చావా తల్లీ," అన్నాను. ఇక ఆపలేదు. అమ్మ సంగతులు, మా ఆయన కోపాలు, పొద్దున మాడిన పప్పు, అన్నీ చెప్పాను.

కళ్లు తెరిస్తే ఎదురుగా శశికళ, చేతిలో కారు తాళాలతో. ఎప్పుడొచ్చిందో.

"ఎవరితోనమ్మా మాట్లాడుతున్నావు?"

"తోడుతో," అన్నాను.

బకెట్ మళ్లీ పలికింది. శశికళ అలాగే నిలబడి విన్నది. తర్వాత తాళాలు కింద పెట్టి, కోట్లన్నీ ఒక్కొక్కటే తీసి చేతిమీద వేసుకుని, తన పడగ్గదిలోకి మోసుకుపోయింది.